సీటు దిగిన ఆదివారాలు

ఏమమ్మా, ఏమయ్యా! పోయిన వారం పేజీ మడిచి దిండు కింద పెట్టుకుని, ఇంకేముంది, కళ్లజోళ్లాయన పని అయిపోయింది అని నవ్వుకుంటూ నిద్రపోయినవాళ్లు ఎవరో కాస్త ముందుకు రండి. సిగ్గెందుకు? మీరంతా మా టైలరమ్మ పార్టీ అని నాకు తెలీదా? ఆమె మొగుడు ఓడిపోతే చూడాలని ఆమెకంటే మీకే తొందర. సరే, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ నవ్వులు చివరిదాకా ఉంటాయో ఊడతాయో చూద్దాం.

టైలరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో తెల్ల కర్టెను. దాని అంచున జానెడు గుడ్డ లేదు. ఆ జానెడూ హాల్లో ఆమె మొగుడి చేతిలో ఉంది, నల్లగా, జిడ్డోడుతూ, సైకిలు చెయిన్ చుట్టూ తిరుగుతూ.

“అది హోటలు వాళ్లది,” అందామె.

“ఏది?”

“మీ చేతిలోది.”

ఆయన గుడ్డని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఊళ్లోవాళ్ల కళ్లన్నీ పరీక్ష చేసి అద్దాలమ్మే మనిషి. సొంత చేతిలో ఏముందో చూడ్డానికి మాత్రం ఎప్పుడూ కొంచెం టైం పడుతుంది.

“ఓ, ఇదా. మూలన పడుంటే పాతదనుకున్నా. చెయిన్‌ని రంగుగుడ్డతో తుడవకూడదోయ్, మురికి తెలీదు. తెల్లగుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా తుడవాలి. మొన్న మా గ్రూపులో కూడా ఇదే చెప్పా.”

“అయితే మీ గ్రూపులో అందరూ పెళ్లాల కర్టెన్లు కోస్తున్నారా?”

“అందరి పెళ్లాలూ కర్టెన్లు కుట్టరుగా.”

ఆమె కర్టెను నాలుగు మడతలు పెట్టింది. మళ్లీ విప్పింది. మళ్లీ పెట్టింది. ఆ మడతల్లో ఏం పెట్టి దాస్తోందో ఆమెకే తెలియాలి.

“మూలన పడుండక ఏం చేస్తుంది? నా మెషీను పొయ్యి పక్కన ఉంది. గుడ్డ పరుచుకోడానికి నాకు చోటుందా? పోయిన నెల కూర మరక పడిందని హోటలు మేనేజరు రెండు కర్టెన్లు మొహాన కొట్టాడు. ఇంకోసారి మచ్చ కనిపిస్తే బేరం వేరేవాళ్లకి ఇస్తానన్నాడు. నాకున్న పెద్ద గిరాకీ అదొక్కటే. కిటికీ ఉన్న గదిలో మాత్రం సైకిలు పడుకుంటుంది.”

“సైకిలు పడుకోదు. స్టాండు మీద నిలబడుతుంది.”

“నేనే నయం అయితే. నాకు పడుకోడానికైనా చోటుంది.”

ఆయన నవ్వాడు. పెళ్లాం తిడుతుంటే కదిలే చక్రం వైపు చూసి నవ్వడం ఆయనకి కొత్తగా వచ్చిన అలవాటు. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఒళ్లు మండిపోతుంది.

“రేపటి పోటీతో తేలిపోతుందిగా,” అన్నాడు చెయిన్‌కి నూనె చుక్కలు వేస్తూ. “గడువులోపల గీత దాటితే ఆ గది సైకిలుదే, ఇక నోరెత్తనని నువ్వే అన్నావ్. మీ తమ్ముడు సాక్షి.”

“దాటకపోతే ఏమిటో కూడా మీ నోటితో చెప్పండి.”

“దాటకపోవడం అనేది మనసులోకే రానివ్వకూడదు. అది మొదటి పాఠం.”

“దాటకపోతే సైకిలు మీ షాపులో బీరువా వెనక్కి పోతుంది. నా మెషీను నా గదిలోకి వస్తుంది. మొదటిసారి చెరువులో సగం తాగేసి పడవలో వచ్చారు. రెండోసారి నడుం కింద పట్టేసి, వెనకబడ్డవాళ్లని ఏరుకొచ్చే వ్యానులో సైకిల్ని ఒళ్లో పెట్టుకుని వచ్చారు. అది నేను కళ్లారా చూశా. పసిపిల్లని టీకాలకి తీసుకెళ్తున్నట్టు కూర్చున్నారు.”

“అవన్నీ అనుభవాలు. అనుభవం ఉన్నవాడే సలహా చెప్పాలి.”

అదీ ఆయన వరస. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెనక ఒకటి చేసే ఆ ట్రయాథ్లాన్ పోటీని ఆయన ఇంతవరకూ ఒక్కసారీ పూర్తి చేయలేదు. కానీ పూర్తి చేయడం ఎలాగో అడిగితే పొద్దుపోయేదాకా చెబుతాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే చెరువు గట్టున పదిమంది చేరి ఆయన్ని ‘గురువుగారూ’ అని పిలుస్తారు. పిలిచేవాళ్లు ఉంటే గురువు అయిపోవడానికి ఇంకేం కావాలి?

తలుపు చప్పుడైంది. పళ్ల డాక్టరు. గ్రూపులో అందరికంటే భక్తి ఎక్కువ ఉన్న శిష్యుడు. ఎదుటివాడి నోరు తెరిపించడం ఆయన వృత్తి, గురువుగారి ముందు మాత్రం తనే నోరు తెరిచి వింటాడు.

“గురువుగారూ, రేపటి ముందు ఒక్కసారి కొలత చూస్తారేమోనని వచ్చా. సైకిలెక్కితే ఎడమ తుంటి దగ్గర పట్టేస్తోంది. తొక్కుతుంటే సీటు మీద అటూ ఇటూ ఊగాల్సి వస్తోంది.”

“అది నొప్పి కాదు డాక్టరుగారూ. బలం లోపలికి దిగుతోంది.”

“అలాగంటారా?”

“రండి, అనుమానం ఎందుకు, కొలిచేద్దాం.”

పళ్ల డాక్టరు మర్యాదస్తుడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పబోయాడు.

“ఆగండి, ఆగండి!” గురువుగారు చెయ్యెత్తాడు. “బూట్లతోనే రావాలి. తొక్కేది ఉత్తికాళ్లతో కాదుగా? బూట్లతో తొక్కేవాడు బూట్లతోనే కొలుచుకోవాలి.”

టైలరమ్మ అప్పుడే తుడిచిన నేల మీద మందపాటి అడుగున్న పరుగుబూట్లు నడుచుకుంటూ వెళ్లాయి. ఆమె చూపు వాటి వెంటే వెళ్లింది.

హాలు గోడ మీద పెన్సిలు గీతలు ఉన్నాయి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ల ఎత్తులు అనుకోవచ్చు. ఇవి పెద్దవాళ్ల కాళ్ల పొడుగులు. ఒక్కో గీత పక్కన పళ్లు, లాయరు, సిమెంటు, ట్యూషను అని ఎవరి గీత ఏదో రాసి ఉంటుంది. గురువుగారు కళ్లజోడు ఫ్రేముల కేటలాగు, ఆ లావు అట్టల పుస్తకం, డాక్టరు తొడల మధ్య పైకి నెట్టి గోడకి ఆనించి గీత గీశాడు. కింది నుంచి టేపుతో కొలిచి, సెల్‌ఫోన్లో ఏదో గుణించి, కళ్లు మూసుకుని తలూపాడు.

“సరిగ్గా ఉంది. మీ సీటు వెంట్రుకవాసి కూడా దించకండి. దించినవాడు మునిగినట్టే.”

పళ్ల డాక్టరు తుంటి పట్టుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఇక గురువుగారి రిహార్సలు మొదలైంది. చెరువులోంచి వచ్చినట్టు స్నానాలగది నుంచి పరుగెత్తుకొచ్చి, హెల్మెట్ పెట్టుకుని, నంబరు బెల్టు తగిలించుకుని, సైకిలు పట్టుకుని డైనింగు టేబులు చుట్టూ ఒక చుట్టు. “ముందు హెల్మెట్, తర్వాతే సైకిలు మీద చెయ్యి,” అని తనకి తానే గట్టిగా చెప్పుకుంటూ ఇంకో చుట్టు. సాక్సుల్లో పౌడరు చల్లుకున్నాడు, కాలు ఇట్టే దూరిపోవాలని. ఆ పౌడరు కాస్తా నేల మీద, పళ్ల డాక్టరు బూటు మచ్చల మీద పడింది.

టైలరమ్మ చీపురు తీసుకుంది. “దొంగలు పడితే ఇల్లొక్కసారే చిందరవందర అవుతుంది,” అంది.

సాయంత్రానికి ఆమె తమ్ముడు దిగాడు. లిఫ్టు మెకానిక్కు. పెద్ద పెద్ద బిల్డింగుల్లో ఇరుక్కుపోయినవాళ్లని కిందికి దించే మనిషి. వస్తూనే వంటింట్లోకి దూరి మూతలు తీసి వాసన చూశాడు. ఈ ఇంట్లో గుట్టంతా ఆ మూతల దగ్గరే నడుస్తుందని పాత వారాలు చదివినవాళ్లకి తెలుసు. చదవనివాళ్లకి ఇదిగో చెబుతున్నా.

కొన్ని నెలలుగా ప్రతి ఆదివారం తమ్ముడు భోజనానికి వస్తాడు. బావగారు తిని, గురకపెట్టి పడుకుంటాడు. అప్పుడు తమ్ముడు గదిలోకి వెళ్లి, జేబులోంచి ఎల్ ఆకారం పానా తీసి, సైకిలు సీటు కింద బోల్టు వదులు చేసి, సీటు గొట్టాన్ని ఒక్క గోరంత కిందికి దించుతాడు. సీటు ఎత్తు మారకుండా గుర్తు కోసమని బావగారు గొట్టం చుట్టూ అంటించిన నల్లటేపు ఉంటుంది కదా, దాన్ని ఊడబీకి గోరంత పైకి అంటిస్తాడు. చూసేవాడికి అంతా ఎప్పటిలాగే. తిరిగొచ్చి చేతులు కడుక్కుంటే, అక్క వాడికిష్టమైన కూర ఇంకో గరిటె వడ్డిస్తుంది.

“సీటు దిగితే మోకాళ్లు గడ్డానికి కొట్టుకుంటాయక్కా. ఊపిరాడదు. సగం దారిలో తొడలు మండి దిగిపోవాల్సిందే,” అని వాడు మొదట్లోనే చెప్పాడు. ఆ మాట ఆమె చెవులకి అమృతంలా ఉంది.

ఇందులో అసలు వినోదం ఇంకోటి. సీటు దిగేకొద్దీ బావగారి కాళ్లు నేలకి బాగా అందడం మొదలెట్టాయి. దానికాయన చెప్పిన కారణం: పొద్దున్నే గుమ్మం కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు కాబట్టి కాళ్లు సాగుతున్నాయట! గ్రూపంతటికీ చెప్పాడు. సిమెంటు కంపెనీ ఆయన అప్పట్నుంచీ వాళ్లింట్లో వేలాడుతూనే ఉన్నాడని వినికిడి. ఆ రోజు అక్కాతమ్ముళ్లు వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని, గోడకి తలబాదుకుని నవ్వారు.

“ఆఖరి గోరు ఈ పూట వేస్తావా?” అంది అక్క ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, గుసగుసగా.

“వేసేశానక్కా. బావ స్నానానికి వెళ్లినప్పుడు.” తమ్ముడు ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూశాడు. “ఇది నువ్వే వండావా?”

“రోజూ వచ్చే దేవకన్య వండింది. మెల్లగా మాట్లాడు.”

“రేపు బావ వ్యానులో వస్తుంటే ముందుసీటు ఇప్పిస్తాలే.”

ఆమె నవ్వలేకపోయింది. ఆ మధ్య ఒక చిన్న విషయం ఆమె మనసులో ముల్లులా దిగింది. పడగ్గదిలో నొప్పిమందు వాసన రావడం లేదు. ఒకప్పుడు ఆదివారం వస్తే గదంతా ఘాటుగా ఉండేది, బోర్లా పడుకుని ‘తుంటి, తుంటి’ అని మూలిగేవాడు. ఇప్పుడు ఆ సీసా మూత తీసిన జాడ లేదు. పంతానికి నొప్పి దాచుకుంటున్నాడులే అని ఆమె సర్దిచెప్పుకుంది. దాచుకున్నకొద్దీ రేపు ఒక్కసారే బయటపడుతుందిగా.

తెల్లవారుజామున సైకిలు గది దాటగానే ఆమె చేసిన మొదటి పని, మెషీనుని చక్రాల మీద తోసుకెళ్లి కిటికీ దగ్గర పెట్టడం. గిరకలు కిర్రుకిర్రుమన్నాయి. కిటికీ రెక్క తెరిచింది. వెలుతురు వచ్చి సరిగ్గా సూది మీద పడింది. ఎన్నాళ్లయిందో.

“తొందరపడుతున్నావేమో అక్కా,” అన్నాడు తమ్ముడు చెప్పులేసుకుంటూ.

“నువ్వు దించిన సీటు మీద నీకే నమ్మకం లేదా?”

వాడు ఫ్లాస్కు అందుకున్నాడు.

చెరువు గట్టున రంగురంగుల టోపీలు. నెత్తికి రబ్బరు, కళ్లకి అద్దాలు, ఒంటికి బిగుతు బట్టలు. అంతమంది మగాళ్లని ఒకేచోట అలా చూసి టైలరమ్మకి కొలతలు సరిగ్గా తీసుకోని బట్టల దుకాణం గుర్తొచ్చింది. గురువుగారు మెడ ఒరుసుకోకుండా వాజిలైన్ రాసుకుంటూ పక్కవాళ్లకి చెబుతున్నాడు: “పోటీ రోజు కొత్త వస్తువు ఏదీ వాడకూడదు.” ఆయన కళ్లకున్న ఈత అద్దాలకి షాపు స్టిక్కరు ఇంకా అలాగే ఉంది.

విజిలు మోగింది. నీళ్లలో కలబడ్డారు.

“మునిగిపోడుగా?” అందామె. ఎంతైనా మొగుడు.

“పడవలున్నాయి. అదీగాక బావకి తేలడం వచ్చు. తేలిక మనిషే కదా.”

చివరి గుంపులో, కప్ప ఈత ఈదుకుంటూ, దగ్గుకుంటూ గట్టెక్కాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది, తర్వాత అలా పీల్చుకున్నందుకు తననే తిట్టుకుంది. ఆయన సైకిళ్ల ఆవరణలోకి పరుగెత్తాడు. హెల్మెట్. నంబరు. సాక్సు. పౌడరు. డైనింగు టేబులు ఒక్కటే తక్కువ.

“ఇప్పుడు చూడు,” అందామె, ఫ్లాస్కు మూత బిగిస్తూ.

సైకిళ్లు గట్టురోడ్డు మీద చుట్లు తిరుగుతాయి. మొదటి చుట్టులో లాయరు వచ్చాడు. ఒక పిరుదు దిగితే ఒక పిరుదు లేస్తోంది, పడవలో నిలబడి తెడ్డు వేస్తున్నట్టు. వెనక సిమెంటాయన, కాలి బొటనవేలితో పెడలు అందుకుంటూ, మొహం వంకర పోయి. ఆ వెనక పళ్ల డాక్టరు. ఆయన పళ్లన్నీ కనపడుతున్నాయి, నవ్వుతో మాత్రం కాదు.

“వాళ్లంతా గురువుగారి కొలతలే,” అన్నాడు తమ్ముడు.

“శిష్యులే ఇలా ఉంటే ఇక…”

మాట పూర్తి కాలేదు. మలుపు తిరిగి ఆమె మొగుడొచ్చాడు.

నడుం కదలడం లేదు. కాళ్లు గుండ్రంగా, మెత్తగా, ఆమె మెషీను చక్రం తిరిగినట్టు తిరుగుతున్నాయి. మోకాళ్లు గడ్డానికి కొట్టుకోవడం లేదు. పళ్ల డాక్టరుని దాటాడు. సిమెంటుని దాటాడు. లాయరు పక్కనుంచి వెళ్తూ, సలహా ఏదో చెప్పి మరీ దాటాడు!

టైలరమ్మ తమ్ముడి వైపు తిరిగింది. “దించానన్నావ్?”

“దించానక్కా.”

“మరి?”

“గాలి వెనకనుంచి కొడుతోందేమో.”

తర్వాతి చుట్టులో గాలి ఎదురొచ్చే వైపు కూడా ఆయన అలాగే తొక్కాడు.  పళ్ల డాక్టరు సైకిల్ని నడిపించుకుంటూ వచ్చి రోడ్డు పక్కన కూలబడితే, వ్యాను ఆగి ఆయన్ని ఎక్కించుకుంది. తన మొగుడి కోసం అనుకున్న ముందుసీట్లో ఆయన కూర్చోవడం ఆమె చూసింది.

పరుగులో ఆయన పరుగెత్తింది తక్కువ, నడిచింది ఎక్కువ. కానీ సైకిలు మీద మిగుల్చుకున్న టైం చాలింది. గడువు ముగిసిందని జెండా దించేవాడు తాడు మీద చెయ్యి వేసేలోపే గీత దాటాడు. ఎవరో మెడలో పతకం వేశారు. ఆయన రెండు చేతులూ పైకెత్తి, జనంలో పెళ్లాం కోసం వెతికి, ఆమెకి మాత్రమే తెలిసేలా కిటికీ మూసినట్టు చేత్తో గాలిలో చూపించాడు.

ముగ్గురూ ఇంటికొచ్చారు.

ఆయన సైకిలు తోసుకుంటూ తిన్నగా గది గుమ్మం దగ్గరికెళ్లి ఆగాడు. లోపల కిటికీ ముందు మెషీను, దాని మీద మడత పెట్టిన తెల్ల కర్టెను.

“ఇదేంటి?” అన్నాడు. “ఫలితం రాకముందే బదిలీ ఆర్డరా?”

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“తప్పుకో. మాటంటే మాటే.”

“ఎలా తొక్కారు?”

“కాళ్లతో. సాగిన కాళ్లతో.”

తమ్ముడు గబగబా వంటింట్లోకి వెళ్లిపోయాడు. కంచం చప్పుడు వినపడింది.

అంతలో కుంటుకుంటూ పళ్ల డాక్టరు వచ్చాడు. చేతిలో పూలగుత్తి. ఓడినవాడు గెలిచినవాడికి పూలు తెచ్చాడంటే ఎంత మంచివాడో చూడండి. దణ్ణం పెట్టి, కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుని, కాసేపు నసిగాడు.

“ఒక్క చిన్న అనుమానం గురువుగారూ. మీరు నన్ను దాటుతున్నప్పుడు చూశా. మీ సీటు… మీరు మాకు చెప్పిన లెక్కకంటే కిందకి ఉన్నట్టనిపించింది.”

 టైలరమ్మ సీటు వైపు చూడకుండా కొంగు సర్దుకుంది.

గురువుగారు సైకిలు వైపు మెల్లగా తిరిగాడు. నుదురు ముడేశాడు. “ఏంటి? నా సీటా? దిగిందా?” అని, జేబులోంచి ఎల్ పానా తీసి, బోల్టు వదులు చేసి, గొట్టాన్ని చరచరా పైకి లాగాడు. నల్లటేపు కింద, ఇన్నాళ్లూ లోపల దాక్కున్న పాత టేపుల జిగురు చారలు ఒకదాని కింద ఒకటి బయటికొచ్చాయి, మెట్లు మెట్లుగా.

“చూశారా డాక్టరుగారూ! వారం వారం దించారు. నేను అన్నం తిని కళ్లు మూస్తే, నా ఇంట్లో, నావాళ్లే!” గొంతు వణికించాడు. “ఇదిగో, ఈవిడ. లోపల తింటున్నాడే, వాడు. నన్ను ఓడించాలని.”

పళ్ల డాక్టరు నోరెళ్లబెట్టాడు. “అంటే కిందికి దించిన సీటుతోనే మీరు ఇంత బాగా…”

“ఏం చేస్తాం. మనోబలం.”

“సీటు సరైన ఎత్తులో ఉండుంటే మీకు మొదటి బహుమతే గురువుగారూ!” ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత టైలరమ్మ వైపు చూశాడు. పుచ్చిపోయిన పన్నుని చూసే చూపు. “మీరిలా చేస్తారనుకోలేదమ్మా.”

“పోనీలెండి,” అన్నాడు గురువుగారు పెద్దమనసుతో. “వంటింట్లో ఉండేవాళ్లకి ఆటల గురించి ఏం తెలుస్తుంది? ఆ మెషీను మళ్లీ పొయ్యి దగ్గరికి తోయించి, మన డాక్టరుగారికి మంచినీళ్లు ఇవ్వు.”

ఆమె కదిలి వంటింట్లోకి వెళ్లింది. మంచినీళ్ల కోసం కాదు. ముక్కు కింద గుడ్డ ఎవరిదో కనపడని మనిషికి, గొట్టం లోపల దాక్కున్న జిగురు చారలు ఎలా కనపడ్డాయి? టేపు ఉన్నచోటే ఉందిగా. చూడకుండానే లాగాడు. లాగితే ఏమొస్తుందో ముందే తెలిసినట్టు.

తమ్ముడు తల వంచుకుని తింటున్నాడు. ఆమె కంచం పక్కకి లాగేసింది.

“బావకి ఎవరు చెప్పారు?”

“ఏది అక్కా?”

“కంచం కిటికీలోంచి విసిరేస్తా.”

వాడు కంచం వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూశాడు. ఏది ముందు పోతుందో లెక్కేసుకున్నట్టున్నాడు.

“బావకి నేను చెప్పలేదక్కా. బావే నాకు చెప్పాడు. ఆ మొదటి ఆదివారమే. తుంటి నొప్పి తట్టుకోలేక సీటు ఎందుకిలా అని చూసుకున్నాట్ట. ఆ మందం బూట్లతో కొలుచుకున్నాడని అప్పుడు తెలిసింది. బూటడుగు ఎంతుందో సీటు అంత ఎక్కువైంది. దించుకుంటే సరిపోయేది. కానీ అప్పటికే గ్రూపులో అందరికీ బూట్లతోనే కొలిచేశాడు, గోడ మీద గీతలు కూడా గీసేశాడు. ఇప్పుడు తను దించుకుంటే గురువుగారు తప్పు చెప్పినట్టేగా? అందుకని, ‘ఒరేయ్, నువ్వు దించు, దొంగతనంగా దించు. మీ అక్కతో కలిసి దించు. రేపు ఎవరైనా కనిపెడితే మీ మీదకి తోసేస్తా’ అన్నాడు. సీటు దించుదామని నేనొచ్చి నీతో అన్నది ఆ తర్వాతే.”

ఆమె గోడకి ఆనుకుంది. గోరు గోరుగా ఆమె సరిచేయించింది ఆయన సైకిల్ని. నొప్పి పోగొట్టింది ఆమె. గీత దాటించింది ఆమె. ఆయన గురక కూడా ఒట్టి నాటకమే. ఆ గురక ఎక్కడ ఆగుతుందోనని జడిసి ఆమె మునివేళ్ల మీద నడిచింది!

“మరి అన్ని వారాలు నవ్వావేంరా నాతో కలిసి?”

“నవ్వొచ్చిందక్కా.”

“నాకెందుకు చెప్పలేదు?”

తమ్ముడు కంచాన్ని మెల్లగా తనవైపు లాక్కున్నాడు. “చెబితే ప్రతి ఆదివారం ఈ కూర వండేదానివా?”

ఏమమ్మా, ఏమయ్యా, ఆ నవ్వులు ఏవీ? పోనీలెండి, ఆమెతో పాటే మీరూ. కానీ లేవకండి, ఆమె ఇంకా వంటింట్లోంచి బయటికి రాలేదు.

వచ్చింది. మంచినీళ్ల గ్లాసు డాక్టరు చేతికిచ్చింది. ఆయన దాన్ని ఆమె మొహం చూడకుండా తీసుకున్నాడు. ఆమె అలమరలోంచి ఫ్రేముల కేటలాగు తీసింది. చెవి వెనకున్న మార్కింగు పెన్సిలు చేతిలోకి తీసుకుంది. గోడ మీద ‘పళ్లు’ అని రాసున్న గీత పక్కన వెళ్లి నిలబడింది.

“డాక్టరుగారూ, మీ తుంటి గురించి ఒక్క నిమిషం,” అంది చాలా మర్యాదగా. “ఆ బూట్లు విప్పేసి వచ్చి, ఇలా గోడకి ఆనుకుని నిలబడండి.”

మెడలో పతకాన్ని తిప్పుకుంటున్న గురువుగారి వేళ్లు టక్కున ఆగిపోయాయి.